ఎనిమిది యాంటెన్నాల పెట్టె

"చిల్లు మీ ఇంట్లోనే ఉందయ్యా," అన్నాడు చీఫ్.

ఉదయం పది గంటలు. గడియారాలు బాగుచేసే దుకాణం వెనక గది. గోడ మీద ముప్పై గడియారాలు ముప్పై రకాల టైములు చూపిస్తున్నాయి. వాటిలో సరైనది ఏదో చీఫ్‌కి ఒక్కడికే తెలుసు.

ఆయన ఎదురుగా నిలబడ్డ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'గొళ్ళెం' అంటారు. నోట్లోంచి మాట, చేతిలోంచి వస్తువు జారనివ్వడని వచ్చిన పేరు అది. చేతికి ఏది దొరికినా ముందు దాచిపెడతాడు, తర్వాత తాళం వేస్తాడు, ఆ తర్వాతే అదేమిటో చూస్తాడు. ఇంట్లో భార్యకి మాత్రం అతను తాళాల కంపెనీలో సేల్స్‌మన్.

"చిల్లేమిటి సార్? మా ఇంటి తలుపుకి నాలుగు తాళాలున్నాయి."

"తలుపు గొడవ కాదు. మీ వైఫై రౌటర్. దాన్ని తయారుచేసిన కంపెనీ నాలుగేళ్ళ కిందటే అప్‌డేట్లు ఆపేసింది. అలాంటి ముసలి రౌటర్లలోంచే 'గ్రహణం' ముఠా మనవాళ్ళ ఇళ్ళల్లో దూరుతోంది. ఇప్పటికి అయిదిళ్ళు. మీది ఆరోది."

గ్రహణం అంటే సరిహద్దు అవతలి గూఢచారుల ముఠా. ఆ పేరు వినగానే గొళ్ళెం వీపు నిటారయింది.

"సాయంత్రం అయిదింటికి పావురం నీకు వీడియో కాల్ చేస్తాడు," అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి.

పావురం గొళ్ళెం దగ్గర పని నేర్చుకున్నవాడు. మూడేళ్ళుగా అవతలి దేశంలో వంటవాడి వేషంలో ఉన్నాడు. ఒకసారి కాలు విరిగిన గొళ్ళేన్ని వీపు మీద వేసుకుని పన్నెండు మైళ్ళు మోసుకొచ్చాడు. సొంత తమ్ముడున్నా అంత పని చేసేవాడు కాదని గొళ్ళెం నమ్మకం.

"రైల్వే స్టేషన్‌లో ఉంటాడు. రెండు గేట్లు. తూర్పు గేటు బయట మన కారు ఉంటుంది. ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నీ ముఖం చూసి, నీ నోటితో వింటే తప్ప వాడు కదలడు. వాళ్ళు కూడా విన్నారంటే ఆ గేటు దగ్గరే కాపు కాస్తారు. అంతే, వాడి కథ ముగుస్తుంది."

"ఇక్కణ్ణుంచే మాట్లాడతాను సార్."

"ఇక్కడి లైన్ లీకవుతోంది. ఎవడో తేలలేదు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా."

"ఫోన్ డేటా మీద?"

"మీ వీధి టవర్ మీద నెలరోజులుగా వాళ్ళ చెవి ఉంది. ఇంట్లో కొత్త రౌటర్ పెట్టు. దాని మీద మాట్లాడు."

"అయితే మన స్టోర్స్‌లోంచి ఒకటి ఇప్పించండి."

"ఇండెంట్ పెడితే మూడు వారాలు, ఆరు సంతకాలు. బజార్లో కొనుక్కో." చీఫ్ సొరుగులోంచి ఒక కళ్ళజోడు తీసి ఇచ్చాడు. "ఇది పెట్టుకుని చూస్తే, డబ్బా సీలు ఎవరైనా విప్పి మళ్ళీ అంటించి ఉంటే ఎర్రగా కనిపిస్తుంది. జాగ్రత్త. ఒక్కటే ఉంది."

దేశాన్ని కాపాడటం అంటే పాస్‌పోర్టులు, పిస్టళ్ళు అనుకుని ఈ ఉద్యోగంలో చేరాడు గొళ్ళెం. చివరికి సంచీ పట్టుకుని రౌటర్ కొనడానికి బయలుదేరాడు.

పదకొండున్నరకి గుబురు మీసం అంటించుకుని, టోపీ పెట్టుకుని ఎలక్ట్రానిక్స్ షాపులో అడుగు పెట్టాడు. ఒక గోడ నిండా రౌటర్లే. అన్నీ ఒకే పోలిక, ఒక్కో దాని మీద ఒక్కో గొప్ప. కళ్ళజోడు తగిలించుకున్నాడు. కంటి ముందు సన్నటి అక్షరాలు వెలిగాయి: "అప్‌డేట్ అవసరం. వైఫైకి కలపండి."

గొళ్ళెం పళ్ళు కొరికాడు. రౌటర్ కొనడానికి కళ్ళజోడు కావాలి, కళ్ళజోడు పనిచెయ్యడానికి రౌటర్ కావాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

"చెప్పండి సార్," అంటూ సేల్స్‌మన్ దూసుకొచ్చాడు. "వైఫై సిక్స్ చూపించనా, సెవెన్ చూపించనా? డ్యూయల్ బ్యాండా, ట్రై బ్యాండా? మెష్ తీసుకుంటారా? ఇంట్లో ఎన్ని డివైసులు సార్? గేమింగ్ ఉందా?"

"గేమింగ్ లేదు. ఇల్లంతా సిగ్నల్ రావాలి. బయటివాడు లోపలికి రాకూడదు."

"అన్నీ అలాంటివే సార్."

శత్రువుల విచారణ గదుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు. తల ప్రాణం తోకకి వస్తున్న ఆ సమయంలో, వెనక నుంచి తేనెలాంటి గొంతు వినిపించింది.

"ఈ ఏడాది వానలు ముందే వచ్చాయి."

గొళ్ళెం వెనక్కి తిరగలేదు. "నా గొడుగు బస్సులో మర్చిపోయాను," అని జవాబు సంకేతం చెప్పి, అప్పుడు తిరిగాడు.

నెమలి! ఎర్ర కోటు, ఎత్తు మడమల జోళ్ళు, ఛాతీ మీద 'ప్రొడక్ట్ ఎక్స్‌పర్ట్' అని బ్యాడ్జి. డిపార్ట్‌మెంట్ దగ్గరా గ్రహణం దగ్గరా రెండు చోట్లా పనిచేసే ఏకైక మనిషి. ఏ రోజు ఎటువైపో ఆ రోజు సాయంత్రానికి గాని తేలదు. ఒక మిషన్‌లో గొళ్ళేన్ని నదిలోంచి లాగింది. ఇంకో మిషన్‌లో నదిలోకి తోసింది.

సేల్స్‌మన్ ఫోన్ ఎత్తడానికి పక్కకి వెళ్ళగానే ఆమె కింది అర వైపు చూపించింది. "ఆ బూడిదరంగు పెట్టె తీసుకో. రెండే యాంటెన్నాలు. మీ మూడు గదులకి అది చాలు. కంపెనీ ఇంకా అయిదేళ్ళు అప్‌డేట్లు ఇస్తానని రాసిచ్చింది. పైనున్న ఎనిమిది యాంటెన్నాలది ఉత్త ఆర్భాటం."

"మా ఇంట్లో మూడు గదులని నీకెవరు చెప్పారు?"

ఆమె నవ్వి, బూడిదరంగు పెట్టె మీది దుమ్ము తుడిచింది.

గొళ్ళెం బుర్ర చకచకా పనిచేసింది. పోయినసారి ఈవిడ ఎడమవైపు వెళ్ళమంది. ఎడమవైపు వంతెన లేదు. కాబట్టి ఈవిడ వద్దన్నదే మంచిది. అతను సేల్స్‌మన్‌ని పిలిచి పై అర చూపించాడు.

"మంచి సెలెక్షన్ సార్! ఇదే ఆఖరి పీసు."

ఆఖరి పీసు అన్న మాట చెవిన పడితే గూఢచారి అయినా గృహస్థయినా ఒకటే. గొళ్ళెం ఇంకేమీ ఆలోచించలేదు. నెమలి తన చేత్తో బిల్లు మడిచి సంచీలో పెట్టి, "నువ్వు నా మాట ఎప్పుడు విన్నావులే," అంది.

బస్సు దారిలో ఆగిపోయి, ఇల్లు చేరేసరికి రెండున్నర అయింది. మీసం మెట్ల మీదే పీకి జేబులో వేసుకున్నాడు.

భార్య వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ రోజూ సాయంత్రం అయిదింటికి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. నోటుబుక్కులో ఇంటి ప్లాను గీసి, గదికో అంకె వేసి ఉంది. గొళ్ళెం దాన్ని చూశాడు గాని పట్టించుకోలేదు.

"ఏవండీ, వైఫై గురించి ఒక మాట..."

"ఇప్పుడు కాదు. కొత్తది తెచ్చాను. అరగంటలో పెట్టేస్తాను."

"అది కాదండీ, నేను పొద్దున్న..."

"తర్వాత!"

పాత రౌటర్ పడకగదిలో ఇనప బీరువాలో, దుప్పట్ల వెనక, తాళం కింద ఉంది. బీరువా వీపుకి కన్నం పెట్టి, గోడ మీది ఇంటర్నెట్ పెట్టె నుంచి కేబుల్ లోపలికి లాగింది గొళ్ళెమే. విలువైన వస్తువు నలుగురి కంటా పడకూడదన్నది అతని సిద్ధాంతం. దాంతో నాలుగేళ్ళుగా భార్య ముఖం పిల్లలకి ముక్కలు ముక్కలుగానే కనిపిస్తోంది. "ఆ పెట్టెని బయట పెట్టండి" అని ఆవిడ అడగని నెల లేదు. అతను విన్న నెలా లేదు.

ఎనిమిది యాంటెన్నాలూ బీరువాలో పట్టలేదు. వంచాడు. ఒకటి మళ్ళీ లేచింది. మళ్ళీ వంచాడు. ఇంకోటి లేచింది. చివరికి దుప్పటి కప్పి కూర్చోబెట్టాడు.

తర్వాత ఫోన్‌లో యాప్ దింపాడు. యాప్ ఖాతా తెరవమంది. ఖాతా ఈమెయిల్ అడిగింది. ఈమెయిల్ పాస్‌వర్డ్ గుర్తులేదు. నలభై రహస్య సంకేతాలు కంఠతా వచ్చినవాడికి సొంత ఈమెయిల్ గుర్తులేదు. అది సాధించేసరికి మూడున్నర. కొత్త పాస్‌వర్డ్ పెడితే "చాలా బలహీనం" అంది. బలంగా పెడితే "చాలా పొడవు" అంది. మధ్యరకంగా పెడితే "రెండూ ఒకేలా లేవు" అంది. నెట్‌వర్క్ పేరే కనబడకుండా దాచాడు. తన ఫోన్‌ని, కళ్ళజోడుని తప్ప దేన్నీ రానివ్వొద్దని ఆజ్ఞాపించాడు. బీరువాకి తాళం వేశాడు. అప్పటికి నాలుగూ నలభై.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. "అప్‌డేట్ దిగుతోంది: రెండు శాతం." పది నిమిషాల తర్వాత చూశాడు. రెండు శాతం. తీసి మంచం మీదికి విసిరాడు. అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

నాలుగూ యాభై ఎనిమిదికి ఫోన్ మోగింది. తెర మీద పావురం. బొమ్మ కదలడం లేదు. సగం నుదురు, ఒక చెవి, వెనక మసగ్గా రైలు పెట్టె.

"అన్నా... విన... ఏ గే..."

"పావురం! వినిపిస్తోందా?"

"...న్నా... ఇద్దరు... నా వైపే..."

గొంతు తెగిపోయింది. తెర మీద చక్రం తిరుగుతోంది. మూడేళ్ళు ప్రాణం అరచేతిలో పెట్టుకుని బతికినవాడు, చివరికి ఒక పాడు రౌటర్ వల్ల పోతాడా? ఇనప తలుపే సిగ్నల్‌కి అడ్డమని నాలుగేళ్ళుగా భార్య చెబుతున్న సంగతి అప్పుడు తలకెక్కింది. ఒక్క గెంతు గెంతి తాళంచెవి బీరువాకి దూర్చాడు. తలుపు తీసి, నోరు తెరిచి, తూర్పు అని అరవడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడే భార్య గదిలోకి వచ్చింది.

"ఇంక నా వల్ల కాదండీ! అయిదింటికి నాకు క్లాసుంది," అంటూ గోడ మీది పెట్టెలోంచి బీరువా కేబుల్ చటుక్కున పీకేసింది.

"ఏం చేస్తున్నావు! కొంప ముంచావు!"

"ముంచింది మీరు. నాలుగేళ్ళ నుంచి." ఆవిడ చేతిలో పొడవాటి ఇంకో కేబుల్ ఉంది. దాన్ని గోడ పెట్టెకి గుచ్చింది. "హాల్లో పుస్తకాల అలమర మీద కొత్త రౌటర్ ఉంది. పొద్దున్న నేను కొన్నాను. మధ్యాహ్నం నుంచి చెబుదామంటే వినరే! పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద అంటించాను."

"ఫ్రిజ్ మీదా!"

గొళ్ళెం పరుగెత్తాడు. ఫ్రిజ్ మీద గుండ్రటి అక్షరాలతో, ఎర్ర సిరాతో, దేశరహస్యం లాంటి పాస్‌వర్డ్ అందరికీ కనబడేలా అంటించి ఉంది. హడావుడిగా కొట్టాడు. ఒక అక్షరం తప్పు. మళ్ళీ కొట్టాడు. ఫోన్ మీద సిగ్నల్ గీతలు ఒక్కసారిగా నిండుగా లేచాయి. అతను నాలుగేళ్ళలో ఆ ఇంట్లో అన్ని గీతలు చూడలేదు.

ఫోన్ మోగింది. పావురం ముఖం మీద చెమట బొట్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడింది.

"అన్నా, ఏ గేటు?"

"తూర్పు. వెళ్ళు!"

"నీ మీసం సగం పెదవికే ఉండిపోయింది అన్నా," అని నవ్వి, పావురం తెర మీంచి మాయమయ్యాడు.

అయిదూ ఆరుకి చీఫ్ దగ్గర నుంచి రెండే మాటలు వచ్చాయి: "గూటికి చేరాడు." గొళ్ళెం వంటింటి నేల మీద చతికిలబడ్డాడు. బల్ల దగ్గర భార్య క్లాసు చెబుతోంది. "టీచర్, ఇవాళ మీరు మొత్తం కనిపిస్తున్నారు!" అని ఎవరో పిల్ల కేరింత కొట్టింది. ఆవిడ నవ్వు చూసి గొళ్ళేనికి మొదటిసారి సిగ్గేసింది.

మెల్లగా లేచి కళ్ళజోడుని కొత్త వైఫైకి కలిపాడు. రెండు నిమిషాల్లో అప్‌డేట్ పూర్తయింది. దాన్ని పెట్టుకుని, తను తెచ్చిన ఖాళీ డబ్బా వైపు చూశాడు. సీలు చుట్టూ కణకణమని ఎరుపు.

బీరువా తలుపు ఒక్క క్షణం ముందు తెరుచుకుని ఉంటే, తూర్పు అన్న మాట పావురం కంటే ముందు గ్రహణం చెవిన పడేది. సంచీ దులిపాడు. బిల్లు వెనక నెమలి చేతిరాత కనబడింది.

"ఎనిమిది యాంటెన్నాలది నీకు అంటగట్టమని వాళ్ళ ఆజ్ఞ. అందుకే నీకు బూడిదరంగుది చెప్పాను. మీ ఆవిడకీ బూడిదరంగుదే చెప్పాను. ఆవిడ మాట వింటుంది."

ఆరింటికి క్లాసు ముగించి భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నిన్న షాపు నుంచి ఫోనొచ్చిందండీ, పాత రౌటర్లు ఉన్నవాళ్ళకి సలహా ఇస్తామని. వెళితే ఎర్ర కోటు అమ్మాయి ఎంత ఓపిగ్గా చెప్పిందో! గదుల కొలతలు అడిగింది. ఇంటి మధ్యలో, ఎత్తున, ఇనుముకి దూరంగా పెట్టమంది. వచ్చేస్తుంటే ఇంకో మాట కూడా చెప్పింది. మీ ఆయన మధ్యాహ్నం ఇంకో పెట్టె తెస్తారు, అయిదు కొట్టేలోగా దాన్ని పీకెయ్యండి అని."

ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది.

"ఏవండీ, మీరు తెస్తారని ఆ అమ్మాయికి ఎలా తెలుసు? మీరు బీరువాలో పెడతారని కూడా తెలుసు."

మూడు దేశాల విచారణ గదుల్లో కూర్చుని తన పేరు కూడా చెప్పనివాడు గొళ్ళెం. బీరువా వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. అలమర మీద బూడిదరంగు పెట్టె పచ్చగా, నిలకడగా వెలుగుతోంది. ఈసారి లైను మధ్యలో తెగే ఆశ ఎక్కడా కనబడలేదు.