సౌర తుఫానులో ప్రేయర్ లైన్

అమెరికాలోని బెంటన్‌విల్‌లో నవంబరు సాయంత్రాలు చెప్పుకోవడానికి ఏమీ లేకుండా గడిచిపోతాయి. వంటింట్లో చారు మరుగుతోంది. హాల్లో నా భర్త వినయ్ రిక్లైనర్‌లో వాలి, ముక్కులో ట్యూబుతోనే నాకు పాఠం చెబుతున్నాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయి ఏడాదిగా ఆక్సిజన్ మెషీన్ మీద బతుకుతున్న మనిషి. నోరు మాత్రం మూతపడదు.

"సూర్యుడి నుంచి ఎప్పుడూ ఒక గాలి వీస్తూనే ఉంటుంది షెరిన్. మనం పీల్చే గాలి కాదు, కరెంటున్న కణాలు. ఇవాళ అది చాలా జోరుగా వస్తోంది. భూమి అయస్కాంతాన్ని ఊపేస్తుంది. అది ఊగితే నేలలో, పొడుగాటి తీగల్లో దానంతటదే కరెంటు పుడుతుంది. పూర్వం ఇలాంటి తుఫానులో బ్యాటరీలు పీకేసినా టెలిగ్రాఫ్ మెషీన్లు పనిచేశాయట, తెలుసా?"

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటే ఆక్సిజన్ మిగులుతుంది, అది తెలుసా?" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగేలోపే కిటికీ ఎర్రబడింది.

బయటికి తొంగిచూశాను. ఓక్ చెట్ల మీద ఆకాశమంతా కాలిన ఇటుక రంగులో ఉంది, నెమ్మదిగా కదులుతోంది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ రొద పెట్టింది. వేడెక్కిన నూనె వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చింది. ఆ తర్వాత ఊరంతా ఒక్కసారిగా చీకటైపోయింది. మెషీన్ కాసేపు కీచుమని అరిచి ఊరుకుంది.

స్పేర్ సిలిండర్ తగిలించాను. మీటరు ముల్లు అప్పటికే ఎరుపులో ఉంది, దాదాపు ఖాళీ. సిలిండర్ మార్పించడం రేపు, ఎల్లుండి అనుకుంటూ వచ్చాను. సెల్‌లో సిగ్నల్ లేదు. పక్కింటి మైక్ తలుపు బాదితే, అతను పాపం వెంటనే ట్రక్ తీసుకుని అంబులెన్స్ వాళ్ల కోసం ఫైర్ స్టేషన్‌కి వెళ్లాడు. నేను వెనక్కి పరిగెత్తాను. వినయ్ పెదాలు నీలంగా మారుతున్నాయి.

వంటింటి గోడకి ఒక పాత ఫోన్ ఉంది, మాకంటే ముందున్నవాళ్లది. మేం వచ్చాక దానికి కనెక్షన్ ఎన్నడూ లేదు. అయినా ఎత్తాను. బుద్ధి ఉన్నవాళ్లెవరూ చేయని పని.

సన్నగా ఒక హోరు. దాని వెనక... గుసగుసలు. తెలుగులో.

"పేరు చెప్పండమ్మా."

మా తెలుగు చర్చికి రోజూ సాయంత్రం ప్రేయర్ లైన్ ఉంటుంది. అందరం ఫోన్‌లోనే కలుస్తాం. అవతల ఎవరున్నారని ఎవరూ అడగరు. జబ్బుపడ్డ మనిషి పేరు చెబితే చాలు, అందరూ ఆ పేరు పలికి ఆమెన్ అంటారు. ఆ అలవాటే నా కొంప ముంచింది.

"వినయ్ కుమార్," అన్నాను ఏడుస్తూ. "ఊపిరి ఆడట్లేదు. ప్రార్థన చేయండి."

"వినయ్ కుమార్..." అన్నాయి గొంతులు. "ఆమెన్."

హాల్లో అతని ఊపిరి ఒక్కసారి ఎగిసి, తగ్గింది.

"వినయ్ కుమార్..."

ఇంకా తగ్గింది.

అప్పుడు ఆ గొంతుల్లో ఒక దగ్గు వినబడింది. దీనమ్మ ఆంటీ దగ్గు. ప్రేయర్ లైన్‌లో నేను వెయ్యిసార్లు విన్న దగ్గు. పోయిన చలికాలం ఆవిడ శవపెట్టె మీద నా చేత్తో మట్టి వేశాను.

రిసీవర్‌లో తడి మట్టి వాసన...

"ఆంటీ... పిలవకండి. ఆయన్ని పిలవకండి!"

"మేం పిలవలేదు షెరిన్. పేరు నువ్వే ఇచ్చావు కదమ్మా."

హాలు నిశ్శబ్దంగా ఉంది. ఊపిరి లేదు. దగ్గు లేదు. ఏమీ లేదు.

"తిరిగి ఇచ్చేయండి! మీ కాళ్లు పట్టుకుంటాను ఆంటీ. లేచి కూర్చుంటే చాలు... ఊపిరి తీసుకుంటే చాలు... ఇంకేమీ అడగను!"

గుసగుసలు. చాలామంది ఒక విషయం తేల్చుకుంటున్నట్టు. ఎవరో మగమనిషి "నేను వెళ్తాను" అన్నాడు.

"సరే," అంది దీనమ్మ ఆంటీ. "పంపుతున్నాం."

హోరు ఆగింది. హాల్లో గుండెల నిండా ఒక పెద్ద ఊపిరి వినబడింది.

మైక్ ఇద్దరు పారామెడిక్స్‌ని తీసుకొచ్చేసరికి అతను లేచి కూర్చున్నాడు. ట్యూబు కింద పడి ఉంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. వాళ్లు టార్చ్ వెలుగులో మళ్లీ మళ్లీ చూసి, ఆక్సిజన్ బాగానే ఉందని, అదృష్టమని చెప్పి, ఇంకో ఇంటికి పరిగెత్తారు. వాళ్లకి ఆ సాయంత్రం ఇళ్లు చాలా ఉన్నాయి.

నేను అతని గుండెల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. గుండె చక్కగా కొట్టుకుంటోంది. ఒళ్లు వెచ్చగా ఉంది. నా మనిషి నాకు దక్కాడనుకున్నాను.

అతను నా తల మీద చెయ్యి పెట్టాడు. కొత్తవాళ్ల పిల్లని ముట్టుకున్నట్టు, మొహమాటంగా.

"ఏడవకు తల్లీ," అన్నాడు వినయ్ గొంతుతోనే. "మీ ఆయన అక్కడ బాగానే ఉన్నాడు. నేను వస్తుంటే దారిలో ఎదురొచ్చాడు."