పొడికన్ను

డాక్టర్ శేషఫణి తన నివేదికలను చదవకుండానే మూడుసార్లు తిప్పి పంపాడని ఓబులేసుకు కోపం. వాటిలో తప్పు దొరికి కాదు. చివర 'చదువు: ఎనిమిదో తరగతి' అని ఉన్నందుకు.

2117వ సంవత్సరం. గురుగ్రహం చుట్టూ తిరిగే కాలిస్టో మీద పరిశోధన కేంద్రానికి శేషఫణి అధిపతి. ఓబులేసు అక్కడ డ్రిల్లింగ్ మెకానిక్. అంతకుముందు పదిహేనేళ్లు అనంతపురం జిల్లాలో బోరు బండి నడిపినవాడు. గురుగ్రహపు మబ్బుల్లో మబ్బుపేట తేలుతూ ఉంది: వేడి హైడ్రోజన్ నింపిన పెద్ద సంచి, దాని కింద నలభై ఒక్కమంది, హీలియం పట్టే పంపులు, నాలుగు నిండు ట్యాంకులు. అక్కడ వంట చూసే సుంకులమ్మ ఓబులేసు భార్య.

ఆ ఉదయం ఒక తోకచుక్క గురుగ్రహం మీద పడింది. భూమంత వెడల్పున నల్లటి మచ్చ లేచింది. అది పైపొరలోని మసి మాత్రమేనని, మబ్బుపేటకు రెండు వందల కిలోమీటర్ల ఎత్తునే ఉండిపోతుందని శేషఫణి తేల్చాడు.

ఓబులేసు తాను తయారుచేసిన పొడికన్నును మచ్చవైపు తిప్పాడు. బోరు వేసేటప్పుడు ఎంత లోతుకు పోయామో బయటికొచ్చే పొడి రంగే చెబుతుంది. ఎర్రదైతే పైమట్టి, బూడిదరంగైతే రాయి. తోకచుక్క వేసేదీ బోరే. పొడికన్ను మచ్చ గుండా వచ్చే వెలుతురును వర్ణపటంగా విడదీసి, ఏ పదార్థం ఏ లోతునుంచి ఎగజిమ్మిందో లెక్కగడుతుంది. మసిలో పైపొరలో ఉండని గంధకం, అమోనియా కనిపించాయి. అంటే దెబ్బ మబ్బుల కిందిదాకా దిగింది. మబ్బుపేట ఎత్తులోనే వేడి పుట్టింది. ఆ వేడిగాలి అల పంతొమ్మిది గంటల్లో అక్కడికి చేరుతుంది. బయటి గాలి వేడెక్కితే సంచికి తేలే బలం తగ్గుతుంది. ట్యాంకులు వదిలేసి బరువు తగ్గిస్తే ఊరు నిలుస్తుంది. లేకపోతే మునుగుతుంది.

ఓబులేసు ఆ లెక్క రాసిచ్చిన కాగితాన్ని శేషఫణి పక్కన పెట్టాడు. ఏడాది కష్టపడి నింపిన ట్యాంకులను ఒక బోరు మేస్త్రీ మాట మీద పారేయమని, మబ్బుపేటను నడిపే హీలియం సంఘానికి ఏ మొహంతో చెప్పాలన్నాడు.

ఓబులేసు భార్యకు ఫోన్ చేశాడు. మాట అటు చేరడానికి ఆరు సెకన్లు, ఇటు రావడానికి ఆరు.

“ఆయప్పకు నీ లెక్క మీద కాదు, నీ పేరు మీద నమ్మకం లేదు. తీసేయ్ ఆ పేరు. పెండ్లయినకాణ్ణించి చూస్తాండా, ఆ పేరుతో మనకు రేషన్ బియ్యం కూడా టయానికి రాలేదు,” అంది సుంకులమ్మ.

ఓబులేసు మళ్లీ వెళ్లాడు. ఈసారి కూర్చోలేదు.

“సార్, ఈ యంత్రం కనిపెట్టింది మీరేనని రాసుకోండి. నేను నట్లు బిగించినోణ్ణి, అంతే. సంతకం పెడతా.”

“తర్వాత మాట మార్చవు కదా?”

“నాకు ఊరు నిలబడల్ల సార్.”

శేషఫణి కాగితం మీద తన పేరు రాసి చూసుకున్నాడు. తర్వాత అంకెలు చదివాడు, మొదటిసారి. గంట తిరక్కుండా సంఘంతో ఆయనే వాదించాడు. ఒక సభ్యుడు సందేహిస్తే, తన పరికరం పొరపాటు పడదని బల్ల గుద్దాడు. నాలుగు ట్యాంకులూ జారవిడిచారు.

అల ఓబులేసు లెక్కగట్టిన వేళకే వచ్చింది. మబ్బుపేట మూడు కిలోమీటర్లు దిగి, ఊగి, ఆగి, మెల్లగా లేచింది. సంగటి కుండ ఒకటి దొర్లిందని, మనుషులంతా బాగున్నారని సుంకులమ్మ కబురు పంపింది. ఇప్పుడు తేలే ప్రతి ఊరి మీదా ఒక శేషఫణి మాపకం కాపలా కాస్తోంది. ఆ తర్వాత ఒక్క ఊరూ మునగలేదు.

కొత్త పరికరం కనిపెట్టినవాళ్లకు కాలిస్టో అద్దపు కప్పు కింద సాగుభూమి ఇస్తారు. సంతకం పెట్టేటప్పుడే ఓబులేసుకు ఆ సంగతి తెలుసు. పోయింది రెండెకరాల ముప్పై ఏడు సెంట్లు.