నల్లబడిన జీతం స్లిప్పు

“కాగితాలన్నీ సర్దావా?” ఇంటి ముందు ఇస్త్రీ కొట్లోంచి కేకేశాడు నాన్న.

“అయిపోయింది నాన్నా! అమ్మ జీతం స్లిప్పొక్కటే ఫైల్లో పెట్టాలి. జుట్టు దువ్వుకుని వచ్చేస్తా!” అంది అక్క గదిలోంచి.

అక్కకు పశువుల డాక్టరు చదువులో సీటు వచ్చింది. ఫీజు కోసం విద్యార్థి సాయం ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ఇవాళే ఆఖరి రోజు. ఇవాళ దాటితే సీటు పోయినట్టే. పొద్దుటి నుంచి ఇంట్లో ఎవరికీ కాలు నిలవడం లేదు.

చెల్లెలికైతే మామూలు రోజుల్లోనే నిలవదు. అందుకే అందరూ దాన్ని మిడత అంటారు.

మిడత బల్ల దగ్గరకు గెంతింది. ఫైల్లో సీటు ఉత్తరం, మార్కుల జాబితా, పుట్టిన తేదీ పత్రం నున్నగా ఉన్నాయి. పక్కన అమ్మ జీతం స్లిప్పు. అది అమ్మ బ్యాగులో పడి నలిగిపోయింది.

‘ఛీ! ఇస్త్రీ కొట్టు వాళ్ళం, ఇలాంటి కాగితం ఇస్తామా?’ అనుకుంది మిడత.

స్లిప్పు పట్టుకుని కొట్లోకి వెళ్ళింది. నాన్న ఎవరికో బట్టలు ఇవ్వడానికి రోడ్డు మీదకు వెళ్ళాడు. ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది. మిడత స్లిప్పును పరిచి, పైన పల్చటి గుడ్డ వేసి, పెట్టెను ఒక్కసారి అలా లాగింది. నాన్న పట్టుచీరలకు చేసేది అలాగే.

గుడ్డ తీసి చూసి బిక్కచచ్చిపోయింది.

కాగితం కాలలేదు. కానీ మొత్తం బొగ్గు పూసినట్టు నల్లబడింది. అమ్మ పేరు లేదు, ఒక్క అంకె లేదు.

“మిడతా, నువ్వూ వస్తావా?” అక్క గొంతు.

మిడత గబుక్కున లోపలికి వెళ్ళి, స్లిప్పును ఫైలు అడుగున దూర్చేసింది.

ఆఫీసులో కౌంటరు మేడమ్ ఒక్కో కాగితం తిరగేసింది. ఆఖరిది చూసి కళ్ళజోడు సర్దుకుంది.

“ఇదేంటమ్మా? మీ అమ్మగారు తారు డబ్బాలో పనిచేస్తారా?”

అక్క ముఖం పాలిపోయింది. “రాత్రి బాగానే ఉందండీ! అమ్మ ఫ్యాక్టరీలో మెషిన్ కొట్టి ఇచ్చిన స్లిప్పే ఇది. ఆ మెషిన్‌లోనే ఏదో తేడా ఉన్నట్టుంది.”

“జీతం రుజువు లేకపోతే తీసుకోలేను. మూసేలోగా ఇంకోటి పట్రా.”

మిడత అక్క వెనక్కి నక్కింది.

అమ్మ పనిచేసే బిస్కెట్ల ఫ్యాక్టరీ రెండు వీధుల అవతల ఉంది. ఇద్దరూ పరుగు తీశారు. కబురు అందగానే అమ్మ తల మీద టోపీతోనే జీతాల గదికి వచ్చింది. అక్కడి గుమాస్తా నల్ల స్లిప్పును వెలుతురులో పెట్టి చూశాడు.

“అమ్మో, మెషిన్ ఇలా కొడుతోందా! ఇక ఎవరికీ ఇవ్వకూడదు. ఆపేస్తున్నా. రేపు మెకానిక్ వచ్చి చూస్తాడు.”

“రేపా? మాకు ఇవాళే కావాలండీ!” అక్క కళ్ళు నిండిపోయాయి.

“ఒక్కటి తీసివ్వు అన్నయ్యా, నీకు పుణ్యం ఉంటుంది,” అమ్మ బతిమాలింది.

“తప్పు స్లిప్పు వస్తే నా మెడకు చుట్టుకుంటుందమ్మా.” గుమాస్తా చెయ్యి స్విచ్చు మీదకు వెళ్ళింది.

“ఆపకండి మామయ్యా!” మిడత అరిచింది. “మెషిన్ మంచిదే! నేనే... నేనే ఇస్త్రీ చేశా!”

అందరూ దాని వైపు తిరిగారు.

“ఏం చేశావ్?” అంది అమ్మ.

“ముడతలు పోతాయని...”

గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఓసి నీ తెలివి! ఈ కాగితానికి సిరా ఉండదమ్మా. వేడి తగిలిన చోటే నల్లబడుతుంది. మెషిన్ అక్షరాల మేరకే వేడి పెడుతుంది. నువ్వు మొత్తానికీ పెట్టేశావ్!”

బటన్ నొక్కాడు. కొత్త స్లిప్పు జర్రుమని బయటకు వచ్చింది. తెల్లగా, అమ్మ పేరుతో.

“ఇంట్లోనే చెప్తే ముందు ఇక్కడికే వచ్చేవాళ్ళం కదే!” అక్క దాని చెయ్యి పట్టుకుని లాగింది. “నీ పని తర్వాత చెప్తా. పరిగెత్తు!”

మిడత ఎప్పుడూ గెంతనంత దూరం గెంతింది. అక్క జడ ఊడిపోయింది. ఆఫీసు మెట్లు ఎక్కేసరికి మేడమ్ కౌంటరు అద్దం సగం దించేసింది.

“మేడమ్! తెచ్చాం! తెచ్చాం!”

అద్దం మళ్ళీ పైకి వెళ్ళింది. మేడమ్ స్లిప్పు చదివి తలూపింది.

“పోన్లే, మెషిన్ బాగుచేశారన్నమాట.”

అక్క మిడత వైపు ఓరగా చూసి, “అవునం...” అనబోయింది.

“మెషిన్ చెడిపోలేదండీ,” అంది మిడత, మునివేళ్ళ మీద నిలబడి. “నేనే ఇస్త్రీ చేసి పాడుచేశా.”

మేడమ్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. దరఖాస్తు మీద ఠప్పున ముద్ర కొట్టింది. రసీదు చింపి కౌంటరు మీదుగా జరిపింది.

“ఇది పట్టుకో పాపా!”

మిడత గబుక్కున రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది.

“తీసుకోనా అక్కా?” అంది.