ఐదో కాలు

నాకు కుదురు లేదు. ఈ మాట మా అమ్మ రోజుకు పదిసార్లు అంటుంది, అన్నానికి కూర్చున్నప్పుడు ఇంకో రెండుసార్లు కలుపుతుంది. కూర్చుంటే కాలు ఊగుతుంది. నిలబడితే చెయ్యి దేన్నో ఒకదాన్ని సర్దుతుంది. బోర్డు మీద అక్షరం వెంట్రుకవాసి వంకరగా ఉన్నా ఆ పూట నాకు ముద్ద దిగదు. బోర్డులు రాసేవాడికి అది మంచి గుణమే అనుకునేవాణ్ణి, తెక్కలకోట బస్టాండులో అర్పిత కనిపించేదాకా.

ఆ రోజు దేశనూరు బస్సు దిగీదిగగానే నా గుండె గుభేలుమంది. బస్టాండు గోడ మీద, మూడు నెలల కిందట నేను మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి రాసిన విత్తనాల కంపెనీ అడ్వర్టైజ్‌మెంటు మీద, ఎవరో అమ్మాయి హాయిగా తెల్ల పెయింటు పూస్తోంది.

"ఏయ్ మేడం! ఏం చేస్తాండారు ఈడ?"

"కనపడ్లేదా? రంగు కొడ్తాండా."

"అది నా గోడ!"

ఆమె వెనక్కి తిరిగింది. ముక్కు మీద తెల్ల చుక్క. కళ్ళల్లో భయం మాత్రం చుక్కంత కూడా లేదు.

"నీ గోడనా? పర్మిషన్ లెటరు నా దగ్గర ఉండాదే!"

"ఆ అక్షరాలు నావి!"

"ఓహో, మీవేనా?" రోలరు ఆపి, మిగిలిన నాలుగు అక్షరాల్ని తల ఒకపక్కకు వంచి చూసింది. "శానా బాగుండాయి. పాపం."

పాపం అంటూనే ఆ నాలుగూ పూసేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అరిచేలోపే ఆమె మొదలుపెట్టింది. "చూడప్పా, ఈ గోడ మీద నలభై గళ్ళు వేస్తాం. ఒక్కో గడి ఒక్కో మనిషికి. ఈ ఊరోళ్ళే గీస్తారు. ముప్పై తొమ్మిది మంది దొరికినారు. నలభయ్యోది నువ్వు తీసుకుంటావా, ఇట్లే అరుస్తా ఉంటావా?"

అరవడానికి వచ్చినవాణ్ణి, పేరు రాయించుకుని ఇంటికి పోయాను. గోపీకృష్ణ, బోర్డు ఆర్టిస్టు, గడి నంబరు నలభై.

అర్పితది బళ్లారి. బజారులో వాళ్ళ తాత రాజగోపాలయ్య గారి బట్టల కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. ఆమె బెంగళూరులో బొమ్మలు నేర్చుకుని వచ్చి, కొట్లో కూర్చోకుండా ఊరూరా గోడలు పట్టుకుని తిరుగుతోంది. రెండు వారాలు మా ఊళ్ళో. తర్వాతి సోమవారం నుంచి రాయచూరులో ఇంకో గోడ. ఆ సోమవారం సంగతి మొదటిరోజే నాకు తెలుసు, తెలిసినకొద్దీ నా కాలు ఎక్కువ ఊగింది.

రోజూ పొద్దున బస్టాండు రేకుల కింద అందరూ కాగితాల మీద గీసేవాళ్ళు. "మీతో నడిచిందాన్ని గీయండి" అని చెప్పింది అర్పిత. "మనిషి కావచ్చు, మేక కావచ్చు, బస్సు కావచ్చు. ఎట్ల వస్తే అట్ల." కాగితం అయ్యాక గోడ. నేను దారం పట్టి గళ్ళు కొట్టాను, రంగులు కలిపాను, నిచ్చెన మోశాను. నా పని మానుకుని మోశానని వేరే చెప్పాలా? గోడ మొదట్లో రూలు రాసే పని కూడా నాదే అయింది. కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి, నా చేతి అందమంతా పెట్టి రాశాను.

'ఎవరి గడి వారిది. పక్కవారి చెయ్యి పడరాదు.'

ఒక మధ్యాహ్నం వాన దంచింది. అందరూ రేకుల కిందికి ఉరికారు. అర్పిత నెత్తిన పెయింటు డబ్బా మూత పెట్టుకుని వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. నా కాలు మొదలైంది. బెంచీ ఊగింది. ఆమె గ్లాసులో టీ ఊగింది.

"ఏంది గోపీ, భూకంపమా?"

"అలవాటు మేడం."

ఆమె ఖాళీ డబ్బా తీసి నా మోకాలి మీద పెట్టింది. "పడిపోకుండా పట్టు చూద్దాం. చెయ్యి పెట్టకూడదు."

పది సెకన్లు పట్టాను. ఆమె నా వైపు చూసింది. డబ్బా ఢమాల్మని కిందపడింది. రేకుల కింద ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు, ఆమె ఒకటే నవ్వు.

"నీకు కుదురు లేదప్పా."

మా అమ్మ అంటే కోపం వచ్చే మాట. ఈమె అంటే ఇంకోసారి అనిపించుకోవాలనిపించింది. నేను పూర్తిగా పోయానని అప్పుడే అర్థమైంది.

కానీ గోడ నన్ను చంపేస్తోంది. ఎవరి గీత చూసినా వంకరే. బస్టాండులో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే హనుమమ్మ అవ్వ ఎద్దును గీసింది. ఎద్దుకు ఐదు కాళ్ళు! మా నాన్న పిచ్చయ్య, నా బోర్డుల వైపు ఎన్నడూ కన్నెత్తి చూడనివాడు, కాలవ కింద సేద్యానికి వచ్చిన కోస్తావాళ్ళు ఊరవతల కట్టుకున్న మా క్యాంపు నుంచి పనిగట్టుకుని వచ్చి తుంగభద్ర కాలవ గీశాడు. ఆ కాలవ తాగినవాడిలా ఒకపక్కకు తూలింది. పొద్దున లేస్తే ఆ ఐదో కాలే కళ్ళ ముందు. నా గడి సంగతి అడిగితే "గీస్తాలే" అనేవాణ్ణి. పక్కవాళ్ళ తప్పులు లెక్కపెట్టేవాడికి సొంత గడి ఎక్కడ గుర్తుంటుంది?

రెండో గురువారం అర్పిత రంగుల కోసం బళ్లారి పోయింది. సంతరోజు కాబట్టి మిగతావాళ్ళు సంతకు పోయారు. గోడా నేనూ మిగిలాం. ఆదివారానికి ఊరంతా చూడ్డానికి వస్తుంది. ఆమె పేరు పోకూడదు కదా! ఒక్క కాలు తీసేస్తే ఏమవుతుంది అనుకున్నాను. తీసేశాను. కాలు పోయాక ఎద్దు మూపురం బాగాలేదనిపించింది. మూపురం దిద్దాక కొమ్ములు. కాలవను దారం పెట్టి తిన్నగా కొట్టాను. సాయంత్రానికి ఆరు గళ్ళు పుస్తకంలో అచ్చేసినట్టు తయారయ్యాయి.

నాలుగు గంటల బస్సులో అర్పిత దిగింది. రెండు చేతుల్లో రెండు డబ్బాలు. నేను గోడ పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాను.

"ఎట్లుండాది?"

ఆమె గోడ చూసింది. డబ్బాలు నెమ్మదిగా కింద పెట్టింది. ఈలోపు సంతనుంచి హనుమమ్మవ్వ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నా ఎద్దు యాడికి పాయెనప్పా?"

"ఇదే అవ్వా నీ ఎద్దు! కాలు ఒకటి ఎక్కువ పడింటే తీసేసినా."

"అది ఎద్దు కాలు కాదప్పా." అవ్వ గంప దించింది. "మా ఆయన కాలు. ఎప్పుడూ ఎద్దుకు ఆపక్క నడుస్తాండె. ఈపక్క నేను. నాకు కాలు తప్ప ఏం కనపడ్తాండె?"

 అవ్వ తిట్టి ఉంటే బాగుండేది. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"నువ్వు రాసిన రూలు చదువు" అంది అర్పిత.

"అర్పితా, నేను నీ కోసమే..."

"చదువు."

చదివాను. 

"నా కోసమా? నాకు నున్నటి గోడ కావాలంటే ప్రింటు కొట్టించుకుంటాంటి. సాలు. ఇంక రావద్దు."

శుక్రవారం బస్టాండు వెనక చాటుగా నిలబడి చూశాను. ముప్పై తొమ్మిది మంది రావాల్సినచోట నలుగురు వచ్చారు. అర్పిత రేకుల కింద ఒక్కతే కూర్చుని బ్రష్షులు కడుగుతోంది, కడిగినవే మళ్ళీ కడుగుతోంది. ఆ నలుగురూ పోయాక నేను దగ్గరికి పోతే తలెత్తలేదు.

"రేపటికి మనుషులు రాకపోతే గోడంతా తెల్లరంగు కొట్టి పోతా. వాళ్ళది కాని గోడకు వాళ్ళ పేరు పెట్టలేను."

ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న నా వైపు చూడకుండానే అన్నాడు, "కాలవ ఆడ వంగుద్దిరా." క్యాంపులో పుట్టి పెరిగినా నాన్నకు తాత కోస్తా యాస పోలేదు. "ఆ వంపు కాడే మన మడి. మీ తాత గట్టు మీద కూర్చుని నీళ్ళ కోసం చూసింది ఆడే. నువ్వు తిన్నగా కొట్టేశావు, మన మడి ఎగిరిపోయింది."

నాకు ముద్ద దిగలేదు. ఈసారి అక్షరం వంకరగా ఉన్నందుకు కాదు.

శనివారం పొద్దున తొమ్మిదికి, బస్టాండు కిటకిటలాడే వేళ, తెల్లరంగు డబ్బా తీసుకుని పోయాను. నేను దిద్దిన ఆరు గళ్ళూ ఒక్కొక్కటీ నా చేతులతో నేనే పూసేశాను. జనం మూగారు.

"ఏందప్పా, మొన్న దిద్దితివి, ఇప్పుడు తుడుపుతాండావు?" అన్నాడు కూరగాయల రామప్ప.

"తప్పు చేసినా. మీ గీతల మీద చెయ్యి పెట్టినా. మళ్ళీ గీయండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

"నీకు పిచ్చిగాని పట్టిందా?"

"అవునప్పా. రా, నీ మేక గీయి."

రామప్ప సణుగుతూనే బ్రష్షు తీసుకున్నాడు. మిగతావాళ్ళ ఇళ్ళకు సైకిలు మీద తిరిగాను. తిట్లు తిన్నాను, మజ్జిగ తాగాను, మధ్యాహ్నానికి ముగ్గురిని వెంటపెట్టుకుని వచ్చాను. నాన్న పిలవకుండానే వచ్చి కాలవను వంచుతున్నాడు. హనుమమ్మవ్వ మాత్రం గోడకు వీపు పెట్టి శెనక్కాయలు అమ్ముకుంటోంది.

"ఒకసారి పోయిన గీత మళ్ళీ రాదప్పా. పో."

పోలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. కాలు ఊగింది. గంప ఊగింది, కాయలు గలగలమన్నాయి. అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసి అదిమింది. ఆశ్చర్యం, కాలు నిలిచింది.

"తాత కాలు ఎట్లుండేదవ్వా?"

 బస్సు ఒకటి వచ్చి పోయింది.

"మడమలు పగిలిండె. పాదం కొంచెం బయటికి తిరిగి పడ్తాండె. నాతో ఒక మాట మాట్లాడేటోడు కాదు, దారంతా. పొలం నుంచి వచ్చేటప్పుడు ఎద్దు కడుపు కింద ఆ పాదం కనపడితే సాలు, ఉండాడులే అనుకుంటాంటి."

చెప్తూ చెప్తూనే లేచింది. చీరచెంగు బొడ్లో దోపుకుంది. గోడ దగ్గరికి పోయి, తెల్లగడిలో మొదట ఎద్దును గీయలేదు. పాదం గీసింది. బయటికి తిరిగిన పాదం, పగిలిన మడమ. ఆ తర్వాత దాని ముందు ఎద్దు నిలబడింది.

వెనక ఎవరో ముక్కు ఎగబీల్చారు. తిరిగి చూస్తే అర్పిత. నన్ను చూడగానే మొహం తిప్పుకుంది, కానీ పొమ్మనలేదు.

ఆదివారం ఊరంతా వచ్చింది. సన్నటి తుంపర. నాలుగున్నరకు ఆమె బళ్లారి బస్సు. నాలుగింటికి సంచి భుజానికి తగిలించుకుని నా దగ్గరికి వచ్చింది.

"నీ గడి ఖాళీగా ఉండాది గోపీ."

"నాకు రాదు."

"ఇంతమందివి దిద్దినోడికి రాదా? ఖాళీ గోడ వదిలిపెట్టి నేను బస్సు ఎక్కను. జల్దీ."

ఎక్కకపోవడమే నాకు కావాల్సింది! ఆ మాట పైకి అనకుండా బ్రష్షు తీసుకున్నాను. దారం పట్టలేదు, స్కేలు పెట్టలేదు.  వేలకొద్దీ అక్షరాలు రాసిన చేతికి ఒక బస్సు గీయడానికి చెమటలు పట్టాయి. బస్సు వంకర. చక్రాలు రెండూ రెండు సైజులు. దిద్దలేదు. ఆ రెండు చక్రాల మధ్య, బస్సు కింద, ఆపక్క నిలబడినవాడివి రెండు పాదాలు గీశాను. నీలం రబ్బరు చెప్పులు, వాటి మీద పెయింటు మచ్చలు.

అర్పిత నా బొమ్మ చూసింది. తర్వాత కిందికి వంగి నా చెప్పులు చూసింది.

"ఎవరప్పా బస్సుకు ఆపక్క?"

"నువ్వు పోతావని తెలిసి కూడా నిలబడినోడు." ఇంక ఆపుకోలేకపోయాను. "నువ్వంటే నాకు ఇష్టం అర్పితా. రెండు వారాల నుంచి నిద్ర లేదు. చెప్పకుండా నువ్వు బస్సు ఎక్కితే నేను ఈ బస్టాండులో ఊగీ ఊగీ సచ్చిపోతా."

డ్రైవరు హారన్ కొట్టాడు. కండక్టరు "బళ్లారి, బళ్లారి" అని అరుస్తున్నాడు. ఆమె సంచి సర్దుకుంది. అయిపోయింది అనుకున్నాను.

సంచి దించి కింద పెట్టింది. నా చేతిలో బ్రష్షు లాక్కుంది. నా గడిలోకి వంగి, నీలం చెప్పుల పక్కనే ఇంకో రెండు పాదాలు గీసింది. ఎర్ర పట్టీల చెప్పులు. ఆమె కాళ్ళకు ఉన్నవే.

"రూలు?" అన్నాను.  "పక్కవారి చెయ్యి పడరాదు కదా?"

"పక్కోళ్ళది కదా పడకూడనిది. నేను నీకు పక్కదాన్నా?" తలెత్తలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "కానీ ఈ కాళ్ళు నీవి కావు. శానా కుదురుగా నిలబడినాయి."

బస్సు కదిలిపోయింది. ఆమె చూడను కూడా చూడలేదు.

"పొద్దున ఆరున్నర బస్సుకు పోతా. రాయచూరులో గళ్ళు కొట్టేటోడు ఒకడు కావాల. కుదురు లేకపోయినా పర్లేదు."

నాన్న ఎప్పుడు వచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. గోడ చూశాడు, ఎర్రచెప్పులు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, వీడు బస్సులో కిటికీ పక్క సీటు కావాలంటాడు, ఇవ్వమాక. పొద్దున మీ అమ్మ సద్ది కడుద్దిలేరా, ఇద్దరికీ." అనేసి గబగబా టీ కొట్టు వైపు నడిచాడు.

తుంపర ఆగాక జనం నలభయ్యో గడి దగ్గర ఆగి ఆగి అడుగుతున్నారు. "ఏందప్పా గోపీ, బస్సుకు కాళ్ళేంది? అదీ నాలుగా!" రామప్ప అయితే కడుపు పట్టుకుని నవ్వాడు.

హనుమమ్మవ్వ ఒక్కతే అడగలేదు. గడి ముందు కాసేపు నిలబడి, గంపలోంచి రెండు దోసిళ్ళ శెనక్కాయలు తీసి, ఒకటి నా చేతిలో, ఒకటి అర్పిత చేతిలో పోసి, వెళ్ళి తన ఎద్దు ముందు కూర్చుంది.