అవ్వకు నేర్పిన తాయ్ చీ

"అవ్వా, చేతులు పైకెత్తు. ఇంకా పైకి," అంది గీతాంజలి ఫోన్‌లో వీడియో తీస్తూ.

సరోజమ్మ రెండు చేతులూ ఎత్తింది. వెంటనే ఒకటి దించి గోడ పట్టుకుంది.

గీతాంజలి ఆళ్లగడ్డలో ఐదో తరగతి చదువుతోంది. శనివారాల్లో సుజాత మేడం నంద్యాల నుంచి వాళ్ల బడికి వచ్చి యోగా, తాయ్ చీ నేర్పుతారు. తాయ్ చీ చైనా వాళ్ల వ్యాయామం. నీళ్లలో నడుస్తున్నట్టు మెల్లగా కదలాలి. "పెద్దవాళ్లకు మంచిది. కాళ్లకు పట్టు వస్తుంది. ఇంట్లో వాళ్లకు నేర్పి వీడియో తీసుకురండి," అన్నారు మేడం.

గీతాంజలికి అవ్వే గుర్తొచ్చింది. వానాకాలంలో అవ్వ బాత్రూంలో జారిపడింది. నొప్పి తగ్గింది కానీ భయం పోలేదు. గడప దాటడమే మానేసింది.

పక్క వీధిలోనే హమీదాబీ ఇల్లు. గీతాంజలి ఆమెను నానీ అని పిలుస్తుంది. ఇద్దరూ రుద్రవరంలో కలిసి పెరిగారు, కలిసి వరినాట్లు వేశారు. పెళ్లిళ్లయ్యాక ఇద్దరూ ఆళ్లగడ్డకే వచ్చారు. ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం హమీదాబీ ఇంట్లోనే టీ, కబుర్లు. హమీదాబీకేమో మోకాళ్ల నొప్పులు, ఇక్కడిదాకా నడవలేకపోతోంది. ఇప్పుడు ఫోన్‌లోనే మాటలు. "మొగం కనపడకపోతే ఏం మాటలు," అనేది అవ్వ.

"చాలు మే. కాళ్లు వణుకుతాండాయి," అంది సరోజమ్మ.

"ఇంగ ఒంటికాలి మీద నిలబడు. అది బాగొస్తే నా వీడియోనే ఫస్టు."

"నాతో కాదు."

"ఒక్కసారే అవ్వా. బేగా. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతాంది."

మనవరాలి ముఖం చూసి అవ్వ కాలెత్తింది. అంతలోనే తూలింది. తలుపు పట్టుకుని పడకుండా ఆగింది. గీతాంజలి ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అవ్వ గోడ పట్టుకుంటూ పోయి మంచం మీద కూర్చుంది. తరువాత, "ఇంగ నన్ను లేపొద్దు. ఈడనే ఉంటా," అంది.

గీతాంజలి వీడియో చూసుకుంది. అవ్వ కళ్లనిండా భయం. దాని మీద తన గొంతు, "బేగా" అంటూ. చూడలేక తీసేసింది.

శనివారం జరిగిందంతా మేడంకు చెప్పింది. ఆమె కోప్పడలేదు.

"డాక్టరు నడవమన్నారా?"

"నడవమనే చెప్పినారు మేడం. మా అవ్వకే భయం."

"అయితే కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టు. నువ్వూ పక్కనే కూర్చో. ముందు ఊపిరి, తరువాత చేతులు. ఆమెకు ఎప్పుడు నిలబడాలనిపిస్తే అప్పుడే నిలబడనీ."

ఆ సాయంత్రం గీతాంజలి రెండు కుర్చీలు వేసింది.

"తొందరపెట్టినా అవ్వా. తప్పు నాదే. ఈసారి కూచొనే చేద్దాం."

"వీడియో?"

"వద్దు."

ఇద్దరూ ఊపిరి పీల్చి మెల్లగా వదిలారు. చేతులు చాపి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కదిపారు. అవ్వ కళ్లు మూసుకుంది.

"మడి నీళ్లల్లో చెయ్యి ఆడించినట్టుండాది మే. నాట్లప్పుడు హమీదా, నేను నారు కడుగుతా ఇట్లనే ఊగేవాళ్లం. ఆయమ్మ పాట ఎత్తుకుంటే అలుపే తెలిసేది కాదు."

"నీకు వస్తాదా ఆ పాట?"

అవ్వ సన్నగా పాడింది. మధ్యలో మాటలు మరిచిపోయింది. అయినా చేతులు ఆగలేదు.

తరువాత రోజూ అదే పని. కొన్నాళ్లకు అవ్వ కుర్చీ పట్టుకుని నిలబడింది. ఇంకొన్నాళ్లకు కుర్చీ వదిలి అటూ ఇటూ బరువు మార్చింది. "మాయమ్మ ఇప్పుడు బాగా నిద్రపోతాంది," అన్నాడు నాయన.

చలికాలంలో ఒక సాయంత్రం అవ్వ తనే చెప్పులు వేసుకుంది.

"పదమ్మే, హమీదా ఇంటికి పోదాం."

వీధిలో బైక్ పోతే అవ్వ ఆగింది. గీతాంజలీ ఆగింది. పక్కింటి అభిషేక్ ఆటకు పిలిచాడు. "మా అవ్వతో పోతాండా," అని ఆమె అవ్వ పక్కనే నడిచింది.

హమీదాబీ తలుపు తీసి అవ్వ చెయ్యి పట్టుకుంది. "నడిచొచ్చినావా సరోజా," అంది. ఇద్దరి కళ్లూ తడిశాయి.

టీ తాగాక సంగతంతా విని, "నా మోకాళ్లకు కూడా పనికొస్తాదా అది?" అని హమీదాబీ అడిగింది. లేవబోయి అబ్బా అంది.

గీతాంజలి తన కుర్చీని ఆమె ఎదురుగా జరుపుకుంది.

"లేవొద్దు నానీ. కూచొనే చేద్దాం. నీకు ఎంత వస్తే అంతే."