వణికిన చేతులు

ఆదివారం పొద్దున్న ఆరున్నరకే నర్సమ్మ తయారైపోయింది. ఆస్పత్రి ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్ళయినా అందరికీ ఆవిడ నర్సమ్మే. కట్టు గుడ్డలన్నీ ఇస్త్రీ చేసి, అంచుకి అంచు కలిపి మడిచి సంచిలో సర్దింది. ఎనిమిదింటికి యువజన సంఘంలో ప్రథమ చికిత్స తరగతి. ఇరవై రెండేళ్ళ కిందట అక్కడి ప్రథమ చికిత్స దళాన్ని మొదలుపెట్టింది ఆవిడే. ఇప్పుడు దానికి కార్యదర్శి ఆవిడ కూతురు.

ఆ కూతురు మాత్రం ఇంకా ఇంటి బట్టల్లోనే వంటింటి గట్టు మీద కూర్చుని టీ తాగుతోంది.

“టైమవుతోంది, లేవవే.”

“నేను రానమ్మా. ఇవాళే కాదు, ఇకమీదట కూడా.”

కారణం నర్సమ్మకి తెలియనిది కాదు. నెల కిందట మార్కెట్ మలుపులో బస్సు బోల్తా పడింది. అంబులెన్సు కంటే ముందు చేరుకున్నది దళంలోని పిల్లలే. వాళ్ళలో ఒకతి పందొమ్మిదేళ్ళది. సన్నటి గొంతని అందరూ గువ్వ అని పిలిచేవారు. సీట్ల మధ్య ఇరుక్కున్న ఒకావిడ చెయ్యి పట్టుకుని, ధైర్యం చెబుతూ, గువ్వ ముప్పావుగంట అక్కడే కూర్చుంది. ఆవిడ ఆ చెయ్యి వదలకుండానే ప్రాణం వదిలింది.

తర్వాతి ఆదివారం తరగతిలో కట్టు కడుతుంటే గువ్వ చేతులు వణికాయి. ఎంతకీ ముడి పడలేదు. అది చూసి కూతురు లేచి, ఇలా ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ అందరం అరగంట కూర్చుని మనసులో ఉన్నది చెప్పుకుందామంది. కుర్రకారంతా సరేనన్నారు. నర్సమ్మ నవ్వేసింది. కబుర్లకి సంఘం దేనికి, టీకొట్టు చాలదా అంది. మా రోజుల్లో కళ్ళు తుడుచుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళం అంది. అక్కడితో ఆగినా బాగుండేది. గువ్వ వైపు తిరిగి, అందరి ముందూ, “నీ చేతులే వణికితే దెబ్బ తగిలినవాళ్ళు ఎవరి చెయ్యి పట్టుకోవాలి?” అంది.

గువ్వ బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు కూతురు ఒక కాగితం చేతికిచ్చింది. దళం పిల్లలవి పదకొండు సంతకాలు. వేరే దళం పెట్టుకుంటామని రాశారు. పని నేర్పినందుకు మీకు రుణపడి ఉంటామని కూడా రాశారు. ఆ మాటే నర్సమ్మకి ఎక్కువ గుచ్చుకుంది.

గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది మీ వరస అని మొదలుపెట్టి, తను పడ్డ కష్టమంతా ఏకరువు పెట్టింది. ఇన్నేళ్ళలో తన దగ్గర ఒక్కరైనా ఏడుస్తూ కూర్చున్నారా అని నిలదీసింది.

“కూర్చోలేదు, మానేశారు” అంది కూతురు. “రిజిస్టరు ఒకసారి తిరగెయ్యి. ఎప్పుడు చేరినవాళ్ళైనా సరే, రెండేళ్ళు దాటి ఉన్నది ఏ కొద్దిమందో. అందరూ చదువులకి వెళ్ళారని నువ్వనుకున్నావు.”

ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. నర్సమ్మ భర్త టైలరు. తల్లీకూతుళ్ళ గొడవల్లో తలదూర్చే మనిషి కాదు. అలాంటిది మెడలో టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“పిల్లల వార్డులో ఆ పసిపాప నీ ఒళ్ళోనే కన్నుమూసిన ఏడాది గుర్తుందా?” అన్నాడు నెమ్మదిగా. “ఇంటికి రాగానే చేతులు కడుక్కునేదానివి. తోలు ఊడేదాకా కడుక్కునేదానివి. ఏమైందని అడిగితే ఏం లేదనేదానివి. ఆఖరికి నేను అడగడం మానేశాను. అది నా తప్పు.”

నర్సమ్మ కూతురి వైపు చూసింది.

“అప్పుడు నాకు ఆరేళ్ళు” అంది కూతురు. “నన్ను దగ్గరికి రానిచ్చేదానివి కాదు. జడ కూడా నాన్నే వేసేవాడు. నావల్లే ఏదో తప్పు జరిగిందనుకున్నానమ్మా. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.”

నర్సమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పాప ఒంటి చల్లదనం తన చేతులకి అంటుకుందనీ, దాంతో తన బిడ్డని తాకకూడదనీ ఆ రోజుల్లో ఆవిడకో భయం ఉండేది. పైకి చెబితే పిచ్చిదంటారని దాచుకుంది. దాచుకోవడాన్నే ధైర్యం అనుకుంది. అదే పాఠం ఇరవై రెండేళ్ళు ఇంకొకరి పిల్లలకి నేర్పింది. ఆ రోజు తరగతి జరగలేదు.

మధ్యాహ్నం నర్సమ్మ వెతుక్కుంటూ గువ్వ పనిచేసే జిరాక్స్ షాపుకి వెళ్ళింది. గువ్వ కంగారుగా లేచి కుర్చీ వేసింది.

“నిన్ను రమ్మనడానికి రాలేదమ్మా. తప్పు నాదని చెప్పడానికొచ్చాను. నీ చేతులు వణకడంలో తప్పేమీ లేదు. నావీ వణికాయి. నేను చెప్పలేదంతే.”

గువ్వ కాగితాల దొంతర సర్ది పక్కన పెట్టింది. “మీ మీద కోపం లేదు మేడం. కానీ అంబులెన్సు మోత వింటే ఇప్పటికీ పక్క సందులోకి వెళ్ళిపోతాను. ఆ రోజు ఎవరైనా కాసేపు కూర్చోబెట్టుకుని ఉంటే మానేసేదాన్ని కాదేమో. ఇప్పుడిక నావల్ల కాదు” అంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నర్సమ్మ ఆ పిల్ల తల నిమిరి వచ్చేసింది.

వేరే దళం పెట్టడం ఒక్క నెల ఆపమని ఆవిడే కూతుర్ని అడిగింది. పై ఆదివారం కుర్చీలు గుండ్రంగా వేశారు. నర్సమ్మ పిల్లల మధ్య కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు ఆ పసిపాప గురించి చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు. చివరిదాకా చెప్పింది. గువ్వ కూడా ఇక్కడ ఉండాల్సింది, లేకపోవడానికి కారణం నేను అని కూడా చెప్పింది.

తిరుగు బస్సులో తల్లీకూతుళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రెండు స్టాపులు దాటాక నర్సమ్మ కూతురి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

“ఆరేళ్ళప్పుడు ఏమేం అనుకునేదానివో చెప్పవే. అంతా చెప్పు. మధ్యలో మాట్లాడను.”

కూతురు చెప్పడం మొదలుపెట్టింది. దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ లేవలేదు.