తెల్ల పక్షి గాయం

"అయ్యా, నన్ను దొంగ అంటున్నరు. మాపటికల్లా ఇల్లు ఖాళీ జెయ్యాల్నట," అంటూ జంగయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆలేరు చర్చికి ఇరవై ఏళ్లుగా కాపలాదారు అతను. అసిస్టెంటు బీరన్న ఆ ముసలాయన్ని లేవదీశాడు. డిటెక్టివ్ రఘుపతి అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు. భువనగిరి నుంచి ముగ్గురూ రైలెక్కారు. అది యాభై ఎనిమిదో సంవత్సరం, మండే ఎండాకాలం.

చర్చిలో మనిషి ఎత్తున రంగుటద్దాల కిటికీ. తెల్ల పక్షి ఒకటి ముక్కుతో తన రొమ్ము చీల్చుకుంటోంది. కింద మూడు పిల్లలు నోళ్లు తెరుచుకున్నాయి. రొమ్ము మీది ఎర్ర గాజుముక్క మాయమైంది. ఆ కంతలో పసుపు పూసిన గుడ్డపీలిక ఉంది.

"చేతబడి గాకుంటే ఏంది? తాళంచెవి ఈయన తాన్నే ఉంటది," అన్నాడు సంఘపెద్ద గండయ్య.

నేల మీద గాజుపెంకు ఒక్కటి లేదు. గాజుముక్కను పట్టి ఉంచే సీసపు అంచును ఎవరో ఓపిగ్గా వంచారు. రఘుపతి పీలికను వేళ్ల మధ్య నలిపి, బలిపీఠం మీది కొత్త గుడ్డ దగ్గరికి వెళ్లాడు.

"ఇదెవరు నేసిన్రు?"

"వెంకటనర్సమ్మ అవ్వ. శుక్రారం తెచ్చింది. కిటికీ కాడ కూసోని 'అయ్యో పాపం' అనుకుంట ఉన్నది. ఎవల గురించో నేనడగలే, వాకిలి ఊడ్వవోయిన," అన్నాడు జంగయ్య.

బీరన్నకు ఏమీ అంతుపట్టలేదు. మామూలే!

మధ్యాహ్నం అవ్వనూ, ఫాదర్ ఇన్నయ్యనూ పిలిపించి, అందరినీ ఆ కిటికీ ముందే కూర్చోబెట్టాడు రఘుపతి.

"రాయి విసిరితే పెంకులు రాలి ఉండేవి. చేతబడికి కుంకుమ, నిమ్మకాయ ఉండేవి. ఇక్కడ ఒట్టి పసుపు, మెత్తని గుడ్డ. ఇంట్ల ఎవరికన్నా దెబ్బ తాకితే ఏం చేస్తం గండయ్యా?"

"పసుపు వెట్టి కట్టు..." గండయ్య నోరు వెళ్లబెట్టాడు.

"పీలిక నూలు, బలిపీఠం గుడ్డ నూలు ఒక్కటే. అవునా అవ్వా?"

వెంకటనర్సమ్మ కొంగుముడి విప్పి ఎర్ర గాజుముక్క తీసింది. "నేనే తీసిన బిడ్డా. ఎన్నేండ్లసంది ఆ పిట్టకు నెత్తురు కారుతాందో, ఒక్కలకన్న పట్టిందా? జంగయ్య మీదికి వస్తదని నాకెర్కలేదు."

"తప్పయింది జంగన్నా, నీ ఇంట్ల నువ్వుండు," అన్నాడు గండయ్య తల వంచుకుని. జంగయ్య ఏడ్చేశాడు. బీరన్న కూడా.

ఫాదర్ ఇన్నయ్య అవ్వ పక్కన కూర్చున్నాడు. "దాన్ని ఎవ్వరూ కొట్టలేదవ్వా. పిల్లలు ఆకలికి చస్తుంటే తానే రొమ్ము చీల్చుకొని నెత్తురు తాపిందట. మా ఏసుప్రభువుకు గుర్తు అది."

అవ్వ ఆ మూడు నోళ్ల వైపు చాలాసేపు చూసింది. గాజుముక్కను ఫాదర్ చేతిలో పెట్టింది.

"పిల్లల కోసమా? అయితే దానికి నొప్పి తెల్వదు. మళ్ల వెట్టెయ్యి నాయినా."